మోచేతి ఫ్రాక్చర్ కోడింగ్: అపోహలు – వాస్తవాలు

అమెరికా ఆసుపత్రుల ఆర్థో చార్టులు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కూర్చుని కోడ్ చేసేవాళ్లకు (రోగాన్నీ చికిత్సనూ బిల్లు కోసం కోడ్లుగా మార్చేవాళ్లకు) మోచేయి చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ అక్కడ మూడు ఎముకలు కలుస్తాయి: పై చేతి హ్యూమరస్, ముంజేతి రేడియస్, అల్నా. ఐసీడీ-10-సీఎంలో, అంటే అమెరికాలో రోగనిర్ధారణకు వాడే కోడ్ల జాబితాలో, అవి ఎస్42 (హ్యూమరస్), ఎస్52 (మిగతా రెండూ) అనే రెండు కేటగిరీల్లో ఉన్నాయి. ఆ రెండింటి నియమాలూ ఒకటి కావు. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

అపోహ: నోట్‌లో "ఎల్బో ఫ్రాక్చర్" అని ఉంటే ఎస్42.40 చాలు.

ఇండెక్స్‌లో "ఎల్బో" దగ్గర కనిపించేది అదే కాబట్టి చెయ్యి దాని మీదికే పోతుంది. అయితే అది హ్యూమరస్ కింది చివరకు చెందిన, వివరం లేని కోడ్. విరిగింది రేడియల్ హెడ్ (రేడియస్ పై చివరి గుండ్రటి భాగం) అయితే ఎస్52.12, రేడియల్ నెక్ (దాని కింది సన్నని భాగం) అయితే ఎస్52.13, కరొనాయిడ్ (అల్నా ముందువైపు పొడుచుకొచ్చిన భాగం) అయితే ఎస్52.04. ఒలెక్రనాన్‌కు (మోచేతి వెనక తగిలే అల్నా కొనకు) రెండు దారులున్నాయి: విరుగు కీలు లోపలికి వెళ్లిందని రాస్తే ఎస్52.03, ఆ మాట లేకపోతే ఎస్52.02. ఒలెక్రనాన్ విరిగితే చాలాసార్లు కీలు దాకా పోతుంది, డాక్టర్లు దాన్ని వేరే చెప్పాలా అన్నట్టు వదిలేస్తారు. చెప్పాలి.

ఔట్‌పేషెంట్ చార్టులో రేడియాలజిస్టు తుది రిపోర్ట్ ఉంటే, అందులో నిర్ధారించిన రోగనిర్ధారణను కోడ్ చేయవచ్చని గైడ్‌లైన్సే చెబుతున్నాయి. "ఫ్యాట్ ప్యాడ్ సైన్ ఉంది, అకల్ట్ ఫ్రాక్చర్ కావచ్చు" (కీలులో వాపు గుర్తు ఉంది, ఎక్స్‌రేలో కనబడని విరుగు ఉండొచ్చు) అన్నది నిర్ధారణ కాదు. అలాంటప్పుడు ఫ్రాక్చర్ కోడ్ వేయకూడదు. కుడి మోచేతి నొప్పి అయితే ఎం25.521 లాంటి లక్షణం కోడ్ దగ్గరే ఆగాలి.

అపోహ: డిస్‌ప్లేస్డ్ అని రాయకపోతే నాన్‌డిస్‌ప్లేస్డ్ అనుకోవాలి.

సరిగ్గా తలకిందులు. ఎముక కదిలిందో లేదో రాయకపోతే డిస్‌ప్లేస్డ్‌గా, ఓపెనో క్లోజ్డో రాయకపోతే క్లోజ్డ్‌గా కోడ్ చేయాలి. ఎముక కదలని కేసులో డాక్టర్ "గార్ట్‌లాండ్ టైప్ 1" (పిల్లల మోచేతి విరుగులకు వాడే ఒక గ్రేడు) అని రాసి ఊరుకుంటే, కోడర్ సొంతంగా అర్థం చెప్పుకోవడం కన్నా క్వెరీ పంపడం (డాక్టర్‌నే అడగడం) మేలు. ఒక్క పదంతో తేలిపోయే పని అది.

అపోహ: క్లోజ్డ్ ఫ్రాక్చర్ అంటే సీపీటీ (చికిత్స కోడ్) కూడా క్లోజ్డ్ ట్రీట్‌మెంటే.

కొత్తగా ఆర్థోలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా జారిపడే చోటు ఇది. డయాగ్నసిస్‌లో క్లోజ్డ్ అంటే చర్మం తెగలేదని. సీపీటీలో క్లోజ్డ్ అంటే సర్జన్ కోసి ఫ్రాక్చర్‌ను తెరవలేదని. చర్మం తెగని ఫ్రాక్చర్‌కు ప్లేటు వేస్తే డయాగ్నసిస్ కోడ్ చివర క్లోజ్డ్‌కు వేసే ఏ, ప్రొసీజర్ మాత్రం ఓపెన్. సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్‌నే (మోచేతికి కాస్త పైన హ్యూమరస్ విరగడం) తీసుకుంటే, కదపకుండా కట్టు కడితే 24530, చేత్తో సరిచేస్తే 24535, చర్మం గుండా పిన్నులు దింపితే 24538. తెరిచి చేస్తే ఇంటర్‌కాండైలర్ విరుగు (హ్యూమరస్ కింది రెండు గుబ్బల మధ్యకు వెళ్లేది) లేనప్పుడు 24545, ఉన్నప్పుడు 24546. ఆపరేటివ్ నోట్‌లో "క్లోజ్డ్ రిడక్షన్ అండ్ పర్క్యుటేనియస్ పిన్నింగ్" అని ఉంటే మొదటి రెండు మాటలు చూసి 24535 వేసేస్తారు. సరైనది 24538 ఒక్కటే. రిడక్షన్, అంటే ఎముకను సరిచేయడం, అందులోనే ఉంది.

అపోహ: ఏడో అక్షరం (డయాగ్నసిస్ కోడ్ చివరిది) ఏ అంటే మొదటి విజిట్, తర్వాతివన్నీ డి.

ఏ అంటే యాక్టివ్ ట్రీట్‌మెంట్, డి అంటే ఆ తర్వాత మానే దశలో మామూలు సంరక్షణ. ఆరేళ్ల పిల్లాడు జారుడుబల్ల మీంచి పడి కుడి చేతికి డిస్‌ప్లేస్డ్ సింపుల్ సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అయిందనుకోండి. ఎమర్జెన్సీలో స్ప్లింట్ కట్టారు: ఎస్42.411ఏ. మర్నాడు సర్జన్ పిన్నులు వేశారు: మళ్లీ ఎస్42.411ఏ, దానికి 24538-ఆర్‌టీ (ఆర్‌టీ అంటే కుడి వైపు). పడిన కారణం డబ్ల్యూ09.0ఎక్స్ఎక్స్ఏ. కొన్ని వారాల తర్వాత పిన్నులు తీసే విజిట్‌కు ఎస్42.411డి. అక్కడ జెడ్47 ఆఫ్టర్‌కేర్ కోడ్ వేయకూడదు, గాయాలకు ఆఫ్టర్‌కేర్ జెడ్ కోడ్లు వాడరు. ఎముక ఆలస్యంగా అతుకుతుంటే జి, అతుక్కోకపోతే కె, వంకరగా అతికితే పి. ఇవి డాక్టర్ రాయాల్సినవి, కోడర్ ఎక్స్‌రే తేదీలు లెక్కపెట్టి తేల్చేవి కావు.

ఓపెన్ ఫ్రాక్చర్ దగ్గర రెండు కేటగిరీలూ విడిపోతాయి. ఎస్52లో గస్టిలో (ఓపెన్ గాయం తీవ్రతను చెప్పే వర్గీకరణ) టైప్ 1, 2 లేదా టైప్ చెప్పని ఓపెన్‌కు బి, 3ఏ, 3బి, 3సికి సి. హ్యూమరస్‌కు, అంటే ఎస్42కు, సి అనే అక్షరమే లేదు. అక్కడ 3బి అయినా బినే. అలవాటుగా ఎస్42కు సి తగిలిస్తే కోడే చెల్లదు, క్లెయిమ్ వెనక్కి వస్తుంది.

అపోహ: పిల్లలకూ పెద్దలకూ ఒకే కోడ్లు.

గ్రోత్ ప్లేట్ (పిల్లల్లో ఎముక పెరిగే చోటు) గాయమని, సాల్టర్-హారిస్ (ఆ గాయాల వర్గీకరణ) అని రాస్తే హ్యూమరస్ కింది చివరకు ఎస్49.1, రేడియస్ పై చివరకు ఎస్59.1. వీటిలో డిస్‌ప్లేస్డ్ ప్రస్తావనే ఉండదు. హ్యూమరస్ కింది చివర టోరస్ ఫ్రాక్చర్ (ఎముక పూర్తిగా విరగకుండా ఉబ్బడం) ఎస్42.48. చెయ్యి పట్టి లాగినప్పుడు వచ్చే నర్స్‌మెయిడ్స్ ఎల్బో అసలు ఫ్రాక్చరే కాదు, రేడియల్ హెడ్ కాస్త జారడం: ఎస్53.03, సరిచేసినందుకు 24640.

పెద్దవాళ్ల దగ్గర ఇంకో మలుపు ఉంది. ఆస్టియోపొరోసిస్ ఉన్నట్టు తెలిసిన వ్యక్తి, మామూలు ఎముక విరగనంత చిన్నపాటి పడటంతో చెయ్యి విరగ్గొట్టుకుంటే ఎస్42 కాదు, ఎం80. వయసు వల్ల వచ్చినదైతే కుడి హ్యూమరస్‌కు ఎం80.021ఏ. "పడ్డారు కదా, ట్రామానే" అన్న వాదన ఇక్కడ నిలవదు.

అపోహ: మాంటెజియాకు రెండు కోడ్లు.

ఎస్52.27 అంటేనే అల్నా విరుగు, రేడియల్ హెడ్ తప్పడం రెండూ. ప్రొసీజర్ కూడా ఒకటే: తెరవకుండా సరిచేస్తే 24620, తెరిచి చేస్తే 24635.

అపోహ: కట్టు కట్టినందుకు విడిగా బిల్లు వేయొచ్చు.

ఫ్రాక్చర్ ట్రీట్‌మెంట్ కోడ్ వేసిన వైద్యుడికి మొదటి కాస్ట్ అందులోనే కలిసిపోతుంది. పై సుప్రాకాండైలర్ కోడ్లకు గ్లోబల్ పీరియడ్ (ఫాలో-అప్ కూడా అదే చెల్లింపులో కలిసి ఉండే కాలం) 90 రోజులు. ఆ లోపు మామూలు ఫాలో-అప్ 99024గా నమోదవుతుంది, దానికి డబ్బు రాదు. సర్జరీ రోజు లేదా ముందురోజు చూసి "ఆపరేషన్ చేయాలి" అని నిర్ణయించిన విజిట్‌కు 57 మాడిఫయర్ (కోడ్ వెనక చేర్చే గుర్తు) కావాలి. ఎమర్జెన్సీలో స్ప్లింట్ కట్టి ఆర్థోకు పంపేసిన డాక్టరు కథ వేరు: ఆయన ఫ్రాక్చర్ కేర్ తీసుకోలేదు కాబట్టి స్ప్లింట్‌కు 29105, విజిట్‌కు 25 మాడిఫయర్. స్ప్లింట్ ఎవరు కట్టారో నోట్‌లో లేకపోతే 29105 కూడా నిలబడదు.