థీమ్ అంటే చివరి కోటింగ్ కాదు: ఒక ఫ్రంటెండ్ పనివాడి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసినవాళ్లకి తెలిసిందే, అడ్వాన్స్ తిరిగిచ్చేటప్పుడు ఓనర్ పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకుంటాడు. మారతహళ్లి చుట్టుపక్కల ఆఫీసుల్లో పన్నెండేళ్లుగా ఫ్రంటెండ్ పని, అంటే వెబ్ పేజీల్లో కంటికి కనిపించే భాగం రాసే పని, చేస్తున్నాను. వెబ్ అప్లికేషన్‌కి థీమ్ (సైట్ మొత్తం రూపాన్ని ఒకేచోట నిర్ణయించే సెట్టింగులు) అనగానే మేనేజర్లు చాలామంది ఈ పెయింటింగ్ లెక్కే వేస్తారు. అంతా అయ్యాక చివర్లో ఒక కోటింగ్ కొట్టేద్దాంలే అని.

అపోహ: థీమ్ అంటే రంగులు.

వాస్తవం: అక్షరాల సైజు, లైన్ల మధ్య ఎడం, బటన్ మూలల వంపు, నీడలు కూడా థీమే. తెలుగు పేజీ పెట్టి చూడండి, తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌కి సరిపోయిందని లైన్ హైట్ 1.2 పెట్టి, డబ్బా దాటింది దాచేయమని రాస్తే 'రాష్ట్రం' లాంటి మాటల్లో కింది ఒత్తులు తెగిపోతాయి. నేను తెలుగుకి 1.6తో మొదలుపెడతాను. ఆ అంకె ఉండాల్సింది థీమ్‌లో, ఒక్కో పేజీలో కాదు.

అపోహ: కలర్ కోడ్లన్నీ సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని రాసే భాష) వేరియబుల్స్‌లో, అంటే పేరు పెట్టి దాచుకున్న విలువల్లో, పెట్టేశాం, ఇక థీమ్ రెడీ.

ఈ తప్పు నేనే చేశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఒక ప్రాజెక్టులో 'బ్లూ', 'లైట్ బ్లూ', 'గ్రే టూ' అని పేర్లు పెట్టుకుంటూ పోయాను. రెండేళ్లకి క్లయింట్ బ్రాండ్ రంగు ఆకుపచ్చకి మార్చాడు. ఒక్క లైన్ మార్చి, అన్ని పేజీలూ మారాయని సంబరపడ్డాం. నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన జూనియర్ "అన్నా, బ్లూ అని రాసి గ్రీన్ ఇచ్చారేంటి?" అంటే నవ్వేశాను. సాయంత్రానికి సపోర్ట్ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. లింకులకీ, మెయిన్ బటన్‌కీ, సమాచారం చూపించే డబ్బాకీ అదే 'బ్లూ' వాడాం మరి. 'పేమెంట్ పెండింగ్‌లో ఉంది' అనే మెసేజ్ పచ్చగా కనిపించేసరికి జనం డబ్బు కట్టేశామనుకున్నారు.

ఇప్పుడు రెండు అంచెలుగా రాస్తాను. కిందది రంగుల పెట్టె. పైది పనిని బట్టి పెట్టిన పేర్లు: లింక్ అక్షరం, మెయిన్ బటన్ నేపథ్యం, సమాచారం డబ్బా. పేజీలు పైఅంచెనే ముట్టుకోవాలి. థీమ్ మారితే ఏ పనికి ఏ రంగు అన్న జత మాత్రమే మారుతుంది.

అపోహ: థీమ్ పెట్టాక పేజీలన్నీ దాని మాటే వింటాయి.

థీమ్ మాట నెగ్గాలో, పేజీలో రాసిన మాట నెగ్గాలో ముందే తేల్చకపోతే వినవు. ఇది పాత తగాదానే. 2005లో వచ్చిన ఏఎస్పీ డాట్ నెట్ 2.0లో (వెబ్‌సైట్లు కట్టే మైక్రోసాఫ్ట్ సాధనం) రూపం రాసిపెట్టుకునే స్కిన్ ఫైళ్లు ఉండేవి, వెబ్ కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లో థీమ్ పేరు ఒక్కసారి రాస్తే సైట్ మొత్తానికీ పట్టేది. అక్కడా రెండు దారులు. 'థీమ్' అని పెడితే పేజీలో కంట్రోల్‌కి (బటన్, టెక్స్ట్ డబ్బా లాంటివాటికి) రాసిన సెట్టింగ్‌ని అది తోసేసేది. 'స్టైల్‌షీట్ థీమ్' అంటే పేజీలో రాసిందే చెల్లేది. ఇప్పుడు అదే పంచాయితీ తీర్చడానికి సీఎస్ఎస్‌లో ఏ గుంపు రూల్స్ నెగ్గాలో వరసపెట్టే లేయర్లు ఉన్నాయి, 2022 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిట్లో పనిచేస్తున్నాయి. ప్రతి రూల్‌నీ బలవంతంగా నెగ్గించడానికి 'ఇంపార్టెంట్' అని తగిలించుకుంటూ పోవడం కన్నా అవి నయం.

డార్క్ మోడ్ అంటే తెలుపుని నలుపు, నలుపుని తెలుపు చేయడమేనన్నది ఇంకో అపోహ. అక్షరం, నేపథ్యం రంగుల ప్రతి జతకీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) మళ్లీ కొలవాలి. మామూలు సైజు అక్షరాలకి డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలనే ప్రమాణాలు) అడిగేది కనీసం 4.5:1. తెల్లటి నేపథ్యం మీద #777 బూడిదరంగు 4.48 దగ్గర ఆగిపోతుంది, #767676 పాసవుతుంది. కంటికి రెండూ ఒకటే, అందుకే కంటిని నమ్మొద్దు. డార్క్ మోడ్‌తో బ్యాటరీ ఆదా అనే మాట, ఒక్కో చుక్కా తనే వెలిగే ఓఎల్ఈడీ తెరలకే వర్తిస్తుంది, ఎల్‌సీడీలో వెనక లైటు ఎటూ వెలుగుతూనే ఉంటుంది.

పేజీ తెరవగానే తెల్లగా ఒక్క మెరుపు మెరిసి తర్వాత డార్క్ అయితే, యూజర్ ముందే ఎంచుకుని దాచుకున్న మోడ్‌ని ఆలస్యంగా చదువుతున్నారన్నమాట. దాన్ని చదివే చిన్న స్క్రిప్ట్‌ని హెడ్‌లోనే (పేజీ కోడ్ మొదటి భాగం), పేజీ గీయకముందే నడపండి.

ఇక రూట్‌లో, అంటే పేజీ అంతటికీ పైన, వేరియబుల్ మారిస్తే అంతా మారిపోతుందనే నమ్మకం. ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టిన ఎస్‌వీజీ బొమ్మకి (గీతలుగా రాసిన బొమ్మ ఫైల్) ఆ మార్పు తెలియదు. కాన్వాస్ మీద (కోడ్‌తో బొమ్మ గీసే చోటు) గీసిన చార్టుని మళ్లీ గీయాలి. మీడియా క్వెరీ (తెర సైజు లాంటివి చూసి రూల్స్ మార్చేది) షరతులో వేరియబుల్ అసలు పనిచేయదు. డబ్బు కట్టించుకునే బయటి కంపెనీ పేజీని మన పేజీలో చూపించే పేమెంట్ గేట్‌వే ఫ్రేమ్ అయితే నల్లటి పేజీ మధ్యలో తెల్ల డబ్బాలా కూర్చుంటుంది, వాళ్లు వీలిస్తే వాళ్ల సెట్టింగ్స్‌లో విడిగా రంగులివ్వాలి. ఎస్టిమేట్ అడిగినప్పుడు వీటికి రోజులు వేరేగా వేయండి.