సైనిక సిమ్యులేటర్లలోకి ఓపెన్ సోర్స్: 2002 మలుపు వెనుక కథ

1983లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా సిమ్‌నెట్ అనే ప్రాజెక్టును మొదలుపెట్టింది. వేర్వేరు చోట్ల ఉన్న ట్యాంకు సిమ్యులేటర్లను నెట్‌వర్క్‌తో కలిపి, అందరినీ ఒకే యుద్ధరంగంలో సాధన చేయించడం దాని లక్ష్యం. ఆ అనుభవంలోంచే డిస్ (డిస్ట్రిబ్యూటెడ్ ఇంటరాక్టివ్ సిమ్యులేషన్), అంటే సిమ్యులేటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో చెప్పే ప్రమాణం పుట్టింది. 1993లో అది ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ వారి 1278వ నంబరు ప్రమాణం అయింది.

డిస్ బలమంతా దాని ప్యాకెట్‌లో, అంటే నెట్‌వర్క్ మీద పంపే సమాచార మూటలో ఉంది. వాహనం తన స్థితిని చెప్పే ప్యాకెట్, టరెట్ లాంటి కదిలే భాగాల వివరాలు లేకపోతే, సరిగ్గా 144 బైట్లు. ఏ బైటులో ఏముండాలో ప్రమాణంలోనే రాసి ఉంది. వాహనం కదలకపోయినా మామూలుగా 5 సెకన్లకోసారి ప్యాకెట్ పంపాలి. 12 సెకన్లపాటు ఏదీ రాకపోతే మిగతా యంత్రాలు ఆ వాహనాన్ని తీసేస్తాయి. ఇంత స్పష్టత ఉంది కాబట్టే అమెరికా నౌకాదళానికి చెందిన నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో తయారైన ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఓపెన్-డిస్, డిస్ పాటించే ఎవరి సిమ్యులేటర్‌తోనైనా మాట్లాడగలదు.

2000లో ఐఈఈఈ 1516గా వచ్చిన మరో ప్రమాణం హెచ్‌ఎల్‌ఏ (హై లెవెల్ ఆర్కిటెక్చర్) దారి వేరు. ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్లను పిలవాలో చెప్పింది గానీ, తీగ మీద ఏ బైట్లు వెళ్లాలో చెప్పలేదు. దాంతో ఒక విన్యాసంలో పాల్గొనేవారంతా సిమ్యులేటర్లను కలిపే సాఫ్ట్‌వేర్ అయిన రన్‌టైమ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌ను, అంటే ఆర్‌టీఐని, ఒకే తయారీదారుది వాడక తప్పదు. మొదట్లో అమెరికా రక్షణ శాఖే ఒక ఆర్‌టీఐని ఉచితంగా పంచింది. 2002లో ఆ పంపిణీ ఆగింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది. ఫ్రాన్స్ వైమానిక పరిశోధన సంస్థ ఒనెరా తన ఆర్‌టీఐ 'సెర్టీ' సోర్సు కోడ్‌ను అందరికీ తెరిచింది కూడా ఆ ఏడాదే. తర్వాత ఆస్ట్రేలియా నుంచి పోర్టికో అనే మరో ఓపెన్ సోర్స్ ఆర్‌టీఐ వచ్చింది.

దృశ్యాల వైపూ ఇదే కథ. 2002లో అమెరికా సైన్యం విడుదల చేసిన 'అమెరికాస్ ఆర్మీ' ఆట ఒక ప్రైవేటు కంపెనీకి చెందిన అన్‌రియల్ అనే గేమ్ ఇంజన్ మీద నడిచింది. ఇంజన్ వేరొకరిదైతే ప్రతి కొత్త శిక్షణ అవసరానికీ లైసెన్సు అడ్డొస్తుంది. ఆ ఆట తయారీలో పాలుపంచుకున్న, నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లోని మూవ్స్ ఇన్‌స్టిట్యూటే ఆ తర్వాత ఓపెన్‌సీన్‌గ్రాఫ్ (దృశ్యాలు గీసేది), ఓడీఈ (వస్తువుల కదలికలు లెక్కించేది) వంటి ఓపెన్ సోర్స్ భాగాలను కలిపి డెల్టా3డీ అనే ఇంజన్‌ను కట్టింది.

ఇలా వేర్వేరు భాగాలను కలిపే అతుకుల దగ్గరే తప్పులు దొర్లుతాయి. డిస్‌లో స్థానాన్ని భూకేంద్రం నుంచి 64 బిట్ల సంఖ్యల్లో పంపుతారు. విలువలు 63 లక్షల మీటర్లు దాటుతాయి. వాటిని యథాతథంగా 32 బిట్ల ఫ్లోట్ (తక్కువ కచ్చితత్వం గల దశాంశ సంఖ్య) లోకి మారిస్తే, రెండు పక్కపక్క విలువల మధ్య తేడా అర మీటరు అవుతుంది, ట్యాంకు తెర మీద వణుకుతుంది. ముందు 64 బిట్లలోనే, దగ్గర్లో ఎంచుకున్న స్థానిక మూలబిందువు స్థానాన్ని తీసివేసి, ఆ తర్వాతే ఫ్లోట్‌లోకి మార్చాలి. రెండు యంత్రాల్లోని వాహనాలకు ఒకే గుర్తింపు సంఖ్యలు (సైట్, అప్లికేషన్, ఎంటిటీ) పడితే ఒకే వాహనం రెండు చోట్ల మధ్య గెంతుతుంది.

ఓపెన్ సోర్స్ లైసెన్సుల వల్ల సొంత కోడ్‌ను బయటపెట్టాల్సి వస్తుందన్న భయాన్ని 2009 అక్టోబరు 16 నాటి అమెరికా రక్షణ శాఖ మెమో చాలావరకు తీర్చింది. ఓపెన్ సోర్స్ కూడా వాణిజ్య సాఫ్ట్‌వేరేనని, చాలా లైసెన్సుల కింద లోపల వాడుకునేందుకు మార్చుకున్న కోడ్‌ను బయటపెట్టనక్కర్లేదని తేల్చింది. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉన్న కోడ్ కలిసిన ప్రోగ్రామును ప్రభుత్వం బయటికి ఇచ్చినప్పుడు మాత్రం, తీసుకున్నవారికి సోర్సు ఇవ్వాల్సిన బాధ్యత పడుతుంది. కాబట్టి ఆయుధాల పరిధి, కచ్చితత్వం వంటి రహస్య విలువలను కోడ్‌లో రాయకుండా వేరే డేటా ఫైళ్లలో ఉంచడం మొదటి రోజు నుంచే జరగాలి.