ఇరుగుపొరుగు సాయం: ఉద్దానంలో తరచూ వినిపించే అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని కొబ్బరి, జీడి తోటల మధ్య పల్లెల్లో, కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను పీడిస్తోంది. దానికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. డయాలసిస్ (కిడ్నీలు చేయలేని రక్తశుద్ధిని యంత్రంతో చేయడం) చేయించుకునేవారి ఇళ్లతో పనిచేసే సామాజిక కార్యకర్తగా, పొరుగువారి సాయం గురించి నేను ఎక్కువగా వినే మాటలను, వాటి వెనుక ఉన్న నిజానిజాలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: డబ్బు సాయమే సాయం, చిన్నాచితకా పనుల వల్ల ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి సుమారు 4 గంటల పాటు జరుగుతుంది. వారానికి మూడుసార్లయితే ఏడాదికి 150కి పైగా రోజులు రోగితో పాటు ఇంట్లో మరొకరు కూడా ఆసుపత్రి దారి పట్టాల్సిందే. చికిత్స ప్రభుత్వ పథకం కింద ఉచితంగా అందుతుంది, పింఛను కూడా ఉంది. కానీ తోడు వెళ్లిన మనిషి పోగొట్టుకునే కూలి, బడి నుంచి వచ్చిన పిల్లలకు అన్నం పెట్టే మనిషి, పొద్దు వాలేసరికి పశువులను తోలుకొచ్చి కట్టేసే మనిషి ఏ పథకంలోనూ లేరు. నాలుగైదు ఇళ్లవారు వంతులు వేసుకుని ఈ పనులు పంచుకుంటే, రోగి భార్యో కొడుకో పలాస జీడిపప్పు పరిశ్రమలో పని మానుకోకుండా ఉండగలుగుతారు. ఒక్కసారి ఐదు వందల రూపాయలు చేతిలో పెట్టి వెళ్లడాన్ని నేను తప్పుపట్టను గాని, ఆ ఇంటికి వారం వారం అవసరమయ్యేది మనిషి సాయమే.

అపోహ: మనసు మంచిదైతే చాలు, ఏ సాయమైనా మేలే చేస్తుంది.

వాస్తవం: ఉద్దానంలో ఇది ప్రమాదకరమైన నమ్మకం. పలకరించడానికి వచ్చేవారు మన తోటలో కాసిన బొండాలే తెస్తారు, లేదా అరటిపళ్లు తెస్తారు. కిడ్నీలు పనిచేయనివారి రక్తంలో పొటాషియం అనే ఖనిజం పేరుకుపోతుంది; కొబ్బరినీళ్లలో, అరటిపండులో అది ఎక్కువ. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు రావచ్చు. నీళ్లు, మజ్జిగ కూడా వైద్యులు చెప్పిన కొలతకు మించకూడదు కనుక, “ఇంకో గ్లాసు తాగు నాయనా” అని బలవంతపెట్టడం ఆప్యాయత అనిపించుకోదు. మరో విషయం: ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలను కలిపి చేసిన చోటు) ఉన్న చేతితో బరువులు మోయకూడదు, ఆ చేతికి రక్తపోటు పట్టీ కట్టకూడదు. కుళాయి దగ్గర ఆ మనిషి బిందె అందుకుని ఇంటి గుమ్మం దాకా చేర్చడం బొండాల గెల కన్నా ఎంతో విలువైన సాయం. ఏమి కావాలో ముందు అడగండి, ఆ తరువాతే తీసుకువెళ్లండి.

అపోహ: అడిగితే చులకనైపోతాం, అయినా ఎవరూ రారు.

వాస్తవం: 2008లో వెలువడిన ఒక మనస్తత్వ పరిశోధనలో, తాము అడిగితే ఎంతమంది సాయానికి ఒప్పుకుంటారో జనం బాగా తక్కువగా అంచనా వేస్తారని తేలింది. మన పల్లెల్లోనూ అంతే. అయితే అడిగే తీరు ముఖ్యం. “వీలైతే ఏదైనా సాయం చూడండి వదినా” అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, “బుధవారం ఉదయం ఆటో దాకా మీ తమ్ముణ్ణి పంపగలరా?” అంటే అవునో కాదో తేలిపోతుంది.

అపోహ: జబ్బుపడినవారు తీసుకోవడమే తప్ప తిరిగి ఇవ్వలేరు.

వాస్తవం: ఈ అపోహ మిగతా వాటికన్నా లోతుగా పాతుకుపోయింది. మన ఊళ్లలో చేబదులుకూ, పెళ్లి చదివింపులకూ లెక్క ఉంటుంది; తీర్చే దారి లేని సాయం తీసుకున్నవారు మెల్లగా తలుపు వేసుకుంటారు, సంఘం సమావేశానికి రావడం మానేస్తారు. అందుకే వారికి తిరిగి ఇచ్చే వీలు కల్పించాలి. డయాలసిస్ లేని రోజున కూర్చుని పొదుపు సంఘం పుస్తకం రాయడం, చదువురాని పక్కింటివారికి అర్జీ నింపి పెట్టడం, కొత్తగా మెషిన్ ఎక్కబోయే వ్యక్తికి మొదటిరోజు ఎలా ఉంటుందో చెప్పడం వంటివి వారు చేయగలరు. ముఖ్యంగా ఆ చివరి పనిని రోగి చేసినంత బాగా ఏ కార్యకర్తా చేయలేరు.

అపోహ: పలకరిస్తే రోగం తగ్గుతుందా, దానివల్ల లాభమేముంది?

వాస్తవం: రోగం తగ్గదు. కానీ పాదాల వాపునూ, ఆయాసాన్నీ, డయాలసిస్‌కు వెళ్లకుండా మానేసిన రోజునూ ముందు గమనించేది రోజూ పలకరించే పొరుగువారే. 148 అధ్యయనాల ఫలితాలను కలిపి 2010లో ప్రచురించిన విశ్లేషణలో, సామాజిక సంబంధాలు బలంగా ఉన్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా కనిపించింది. ఇందులో ఎంత భాగం పలకరింపుదో ఎవరూ విడదీసి చెప్పలేరు.

అపోహ: ఆపద వస్తే ఊరు దానంతట అదే ఒక్కటవుతుంది.

వాస్తవం: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలమట్టం చేసింది. చెట్లు పడి దారులు మూసుకుపోయిన అలాంటి వేళ, ఏ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నాడో, ఎవరిని ఆసుపత్రికి మోసుకెళ్లాలో పక్కవారికి అంతకు ముందే తెలిసి ఉండాలి. 1995లో జపాన్‌లోని కోబె భూకంపంలోనూ శిథిలాల నుంచి ఎక్కువమందిని బయటకు తీసింది కుటుంబసభ్యులు, ఇరుగుపొరుగువారే.

అపోహ: మనలో మనం చూసుకుంటే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది.

వాస్తవం: ఈ అనుమానంలో కొంత న్యాయం ఉంది. శుభ్రమైన తాగునీరు, డయాలసిస్ పడకలు, నిపుణులైన వైద్యులు ఇరుగుపొరుగు వంతులతో సమకూరేవి కావు. వాటిని ప్రభుత్వమే కల్పించాలి. అయితే సాయం వంతులు రాసుకునే పుస్తకంలో ఎవరు, ఏ తేదీన, ఎంత దూరం వెళ్లారో, పడక దొరక్క ఎన్ని గంటలు కాచుకున్నారో కూడా రాసిపెట్టుకుంటే, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు స్వీకరించే చోట ఆ పుటల నకలును అర్జీకి జతచేయవచ్చు.