మాంసం రసాలకు తాళం పడదు: వంటింటి అపోహలు, వాస్తవాలు

వంట నేర్పడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది "ఎలా చేయాలి" అని అడగరు. "ఇలా చేస్తే ఇలా అవుతుందట, నిజమేనా?" అని అడుగుతారు. అంతకుముందు చాలా ఏళ్లు రెస్టారెంట్ వంటగదుల్లో పనిచేశాను. అక్కడ ఇలాంటి ప్రశ్నలకు తీరిక ఉండదు, హెడ్ చెఫ్ చెప్పింది చేయడమే. అందుకే కింద రాసిన అపోహల్లో కొన్నిటిని నేనూ ఏళ్ల తరబడి నమ్మాను. కొత్తగా చేరిన కుర్రాళ్లకు నూరిపోశాను కూడా.

ఇవన్నీ ఒకే తీరువి కావు. కొన్నిట్లో చేసే పని సరైనదే, చెప్పుకునే కారణం తప్పు. ఇంకొన్నిట్లో కారణం వినడానికి బాగానే ఉంటుంది, పని మాత్రం కడుపు మీదికి తెస్తుంది. మొదటి రకంతో మొదలుపెడతాను.

అపోహ: పెద్ద మంట మీద ముందే ఎర్రగా వేయిస్తే మాంసంలోని రసాలు లోపలే ఉండిపోతాయి

ఈ మాట చాలా పాతది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ 1847లో తెచ్చిన పుస్తకం నుంచి ఇది బాగా పాకింది. వేడికి మాంసం పైపొర గట్టిపడి లోపలి రసాన్ని ఆపేస్తుందని ఆయన వాదన. అంత పెద్దాయన చెప్పాక వంటవాళ్లు కాదంటారా?

కానీ పెనం కాదంటుంది. వేడి పెనం మీద ముక్క పడగానే చుయ్యిమంటుంది కదా, ఆ చప్పుడు ముక్కలోంచి కారిన నీరు వేడి లోహాన్ని తాకి ఆవిరవుతున్న చప్పుడు. నిజంగా పైపొర మూసుకుపోతే కాసేపటికి పెనం నోరు మూయాలి. మూయదు, ముక్క తీసేదాకా చుయ్యిమంటూనే ఉంటుంది. క్లాసులో ఒకే బరువున్న రెండు ముక్కలు తీసుకుంటాను. ఒకదాన్ని ముందు ఎర్రగా వేయించి ఓవెన్‌లో పెడతాం, రెండోదాన్ని నేరుగా పెడతాం. రెండిట్లోనూ లోపలి వేడి ఒకే డిగ్రీకి రాగానే తీసి త్రాసు మీద పెడతాం. ముందు వేయించిన ముక్క ఎక్కువేమీ తూగదు, చాలాసార్లు కాస్త తక్కువే తూగుతుంది.

అలాగని వేయించడం మానకండి. అది రసం కోసం కాదు, రుచి కోసం. సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాక మాంసంలోని ప్రోటీన్లూ చక్కెరలూ కలిసి ఆ గోధుమ రంగునూ కమ్మటి వాసననూ ఇస్తాయి. 1912లో ఈ చర్య గురించి రాసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయార్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. బ్రెడ్ పైపొరలోనూ, వేయించిన కాఫీ గింజల్లోనూ జరిగేది ఇదే.

కారణం తప్పైతే ఏమైంది, పని జరిగిందిగా అంటారేమో. అక్కడే చిక్కు. తాళం వేస్తున్నాననుకునే మనిషి ముక్కను తడితడిగానే పెనం మీద వేస్తాడు, పైన తెల్లబడగానే పనైపోయిందనుకుంటాడు. రుచి కోసం అని తెలిసినవాడు ముందు తడి పూర్తిగా అద్దేస్తాడు. తడి ఉన్నంతసేపు పైభాగం 100 డిగ్రీలు దాటదు, రంగు రాదు. పెనం నిండా ముక్కలు కుక్కేసినా అంతే, వాటి నీళ్లలో అవే ఉడుకుతాయి. ఇక రసం సంగతికొస్తే, అది నిలవాలంటే సమయానికి దించడమే దారి. కోడిమాంసం లోపల 74 డిగ్రీలకు వచ్చిందంటే తినడానికి సిద్ధం. "ఎందుకైనా మంచిది" అని ఇంకో పావుగంట ఉంచితే పీచుపీచవుతుంది. నా మటుకు నాకు, ఖరీదైన కత్తికన్నా ముందు కొనాల్సింది వంట థర్మామీటరే.

అపోహ: నీళ్లలో ఉప్పు వేస్తే త్వరగా మరుగుతాయి

ఉప్పు వేస్తే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది, తగ్గదు. ఆ పెరగడం కూడా ఎంతని? లీటరు నీళ్లలో 58 గ్రాముల ఉప్పు కలిపితే సుమారు ఒక్క డిగ్రీ. అది సముద్రపు నీళ్లకన్నా ఉప్పన. ఉప్పు వేసేది ఉడికే గింజ లోపలికి రుచి పట్టడానికి, అంతే.

దీని తోబుట్టువు ఇంకోటుంది: మంట పెంచితే త్వరగా ఉడుకుతుందని. నీళ్లు ఒకసారి మరగడం మొదలయ్యాక, మంట ఎంత పెంచినా వాటి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పెంచిన మంటంతా ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. గ్యాస్ అయిపోతుంది, అడుగంటుతుంది. త్వరగా ఉడకాలంటే ఒత్తిడి పెంచాలి. ప్రెజర్ కుక్కర్ లోపల నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా వెళ్తాయి, అందుకే అందులో పని తొందరగా అవుతుంది. కొండల మీద దీనికి తలకిందులు. దాదాపు ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి, 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే తెర్లుతాయి. అక్కడ పప్పు ఉడకలేదని పప్పును తిట్టి లాభం లేదు.

అపోహ: ఉప్పెక్కువైన కూరలో బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుంది

దుంప లాగేది ఉప్పును కాదు, ఉప్పు నీళ్లను. దుంప తీసేశాక కూర తగ్గుతుంది, మిగిలినదాని ఉప్పదనం దాదాపు అలాగే ఉంటుంది. దుంపను తీయకుండా కూరలోనే ఉంచి తింటే అది వేరు, ఉప్పు లేని పదార్థం కలిపినట్టే కదా. అసలు మందు అదే: ఉప్పు లేనిది ఏదైనా కలిపి పరిమాణం పెంచడం. కాస్త పులుపో తీపో తగిలిస్తే నాలుక కొంత మోసపోతుంది. అంతకుమించి మంత్రాల్లేవు.

అపోహ: మిరపకాయ కారమంతా గింజల్లోనే

గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి పొర చూశారా, కారం పుట్టేది అక్కడ. గింజలకు ఆ పొర తగిలి కారం అంటుతుంది, అంతే. గింజలు జాగ్రత్తగా దులిపేసి తెల్లపొర వదిలేస్తే శ్రమ వృథా. నోరు మండినప్పుడు నీళ్లు తాగినా వృథానే. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, పాలైతే పనిచేస్తాయి.

అపోహ: అజినోమోటో విషం

ఈ ప్రశ్న రాని క్లాసు లేదు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచుతో కాచిన రసంలోని ప్రత్యేకమైన రుచికి కారణం వెతికితే గ్లూటమేట్ దొరికింది. అజినోమోటో పొడిలో ఉన్నది అదే. టొమాటోలోనూ, బాగా మాగిన చీజ్‌లోనూ ఉన్నది అదే గ్లూటమేట్. భయం మొదలైంది మాత్రం 1968లో, ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన పాఠకుడి ఉత్తరంతో. చైనీస్ రెస్టారెంట్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని ఒక డాక్టరు రాశాడు. కారణాలుగా ఆయన ఊహించిన వాటిలో ఇదొకటి మాత్రమే. తర్వాత ఏది తింటున్నారో చెప్పకుండా చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా తేలలేదు. తిండి లేకుండా ఒకేసారి 3 గ్రాములో అంతకన్నా ఎక్కువో తీసుకుంటే కొందరికి కాసేపు తలనొప్పిలాంటిది రావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంటుంది. మామూలుగా ఒక వడ్డనలో అర గ్రాము కూడా ఉండదు.

అయినా నాకు దాని మీద ఒక కోపం ఉంది. ఆరోగ్యం గురించి కాదు. ఎముకలు కాచి రసం తీయడానికి బద్ధకించిన వంటగది దాన్ని గుప్పెడు చల్లి చేతులు దులుపుకుంటుంది. అది వంటవాడి తప్పు, ఆ పొడిది కాదు.

ఇప్పుడు రెండో రకం. ఇక్కడ సరదాల్లేవు.

అపోహ: మిగిలిన అన్నం బాగా వేడిచేస్తే ఏ క్రిమీ బతకదు

క్రిమి చావొచ్చు, అది వదిలిన విషం చావదు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అవి ఉడికించినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే మేల్కొని పెరిగి, వాంతులు చేయించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మామూలు వంట వేడికి చెక్కుచెదరదు. వాసన తేడా రాదు, రుచి తేడా రాదు. "వాసన చూశాం, బాగానే ఉంది" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. వండిన రెండు గంటల్లోపు, వీలైతే ఇంకా ముందే, ఫ్రిజ్‌లో పెట్టాలి.

వెంటనే వచ్చే ప్రశ్న: వేడివేడిది ఫ్రిజ్‌లో పెడితే పాడవదా? ఇది సగం అపోహ. చిన్న గిన్నెతో ఏమీ కాదు. పెద్ద పాత్ర అయితే అవుతుంది, అది నేను కళ్లారా చూశాను. ఒకచోట పనిచేసేటప్పుడు, రాత్రి మూసే హడావిడిలో 40 లీటర్ల ఎముకల రసాన్ని కాచిన పాత్రతోనే కోల్డ్ రూమ్‌లోకి నెట్టేశాం. పొద్దున్నే పైన చల్లటి కొవ్వు పొర, చూడ్డానికి ముచ్చటగా ఉంది. గరిటె అడుగుదాకా దించి తీసి వేలు పెడితే గోరువెచ్చగా తగిలింది. అంటే రాత్రంతా 5 నుంచి 60 డిగ్రీల మధ్య, బ్యాక్టీరియాకు పండగలాంటి వేడిలో నానింది. 40 లీటర్లూ కాలవపాలు చేశాం, ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఏదైనా సరే వెడల్పాటి పళ్లేల్లో, రెండంగుళాల మందం మించకుండా పరిచి చల్లారుస్తాను.

అపోహ: రాజ్మా గింజల్ని సన్నని సెగ మీద ఎంత సేపు ఉడికిస్తే అంత మంచిది

పచ్చి ఎర్ర రాజ్మాలో ఒక సహజ విషం ఉంటుంది. సరిగ్గా ఉడకని నాలుగైదు గింజలు తిన్నా వాంతులు పట్టుకోవచ్చు. సుమారు 80 డిగ్రీల దగ్గర ఉంచితే ఆ విషం తగ్గకపోగా పెరగొచ్చు. స్లో కుక్కర్‌లో నేరుగా వేసేవాళ్ల గురించే నా టెన్షన్. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతుండగా అరగంట ఉడికించండి. తర్వాత ఏ కుక్కర్‌లో వేసుకున్నా మీ ఇష్టం. డబ్బాలో వచ్చేవి ముందే ఉడికించినవి, వాటితో భయం లేదు.

అపోహ: కోడిమాంసం కడిగితేనే శుభ్రం

ఇది చెబితే క్లాసులో గొడవవుతుంది. కడగడం వల్ల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పోదు, నీళ్ల తుంపరలతో సింకుకీ పక్కన పెట్టిన ఆకుకూరకీ చేరుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ కడగొద్దనే చెబుతోంది. క్రిమిని చంపేది వేడే. మనసొప్పక కడిగినా, వెంటనే సింకునూ చేతుల్నీ సబ్బుతో కడిగి తీరాలి.

ఇక బయట తినడం సంగతి

"ఫలానా ఊరు వెళ్తున్నాం, అక్కడి అసలైన వంట ఎక్కడ దొరుకుతుంది?" అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువ. ఈ "అసలైన" అన్న మాటతోనే నాకు పేచీ. చాబట్టా అనే ఇటాలియన్ బ్రెడ్ అనాదిగా వస్తున్నదని చాలామంది అనుకుంటారు. అది పుట్టింది 1982లో. టొమాటో, మిరప, బంగాళాదుంప మూడూ అమెరికా ఖండాలవే. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే మిగతా ప్రపంచానికి తెలిశాయి. కాబట్టి బోర్డు మీద "వెయ్యేళ్ల వంటకం" అని రాసి, పళ్లెంలో టొమాటో పులుసు పెడితే నవ్వుకుని తినండి. రుచి బాగుంటే చాలు, వయసుతో పనేముంది?

రెస్టారెంట్లకు మిషెలిన్ గైడు ఇచ్చే స్టార్ల మీద కూడా భ్రమలున్నాయి. మిషెలిన్ టైర్ల కంపెనీ 1900లో కార్లవాళ్ల కోసం ఆ గైడు తెచ్చింది, స్టార్లు ఇవ్వడం 1926లో మొదలైంది. ఆ స్టారు పళ్లెంలోని వంటకే, హాలు అలంకరణకు కాదు. అసలు గైడు అడుగే పెట్టని ఊళ్లు లెక్కలేనన్ని. స్టారు లేదంటే బాగోలేదని కాదు, ఎవరూ వెళ్లి చూడలేదని కావచ్చు.

మెనూ పెద్దదైతే గొప్ప హోటల్ అనుకోవడం నేను లోపలినుంచి చూసిన అపోహ. 150 వంటకాలు రాసిన చోట అవన్నీ ఏ రోజుకారోజు చేయరు, చేయలేరు. నాలుగైదు గ్రేవీలు కాచి ఉంచుకుని, పేర్లు మారుస్తూ తిప్పుతుంటారు. ఒక ప్రాంతపు వంట కోసం వెళ్లినప్పుడు నేను ఒక్క పేజీ మెనూ ఉన్న చోటు చూస్తాను, అది కూడా చేత్తో కొట్టేసి దిద్దినదైతే ఇంకా సంతోషం. ఏదో అయిపోయిందంటే, ఏదో ఇవాళే వండారన్నమాట.

జనం కిటకిటలాడితే మంచి చోటేనా? జనం ఎవరన్నది చూడాలి. బస్సు దిగిన గుంపా, పనిచేసుకుని వచ్చి మాట్లాడకుండా తినేసి వెళ్లే రోజువారీ మనుషులా? స్థానికుల్ని అడిగే తీరులో కూడా ఉంది. "ఎక్కడ బాగుంటుంది?" అంటే మీలాంటి అతిథికి చూపించదగ్గ చోటు చెబుతారు. "మొన్న మీరు బయట ఎక్కడ తిన్నారు?" అని అడగండి, జవాబు మారిపోతుంది.

లోపలికెళ్లాక "ఏది స్పెషల్?" అని అడగను. దానికి కంఠతా పట్టిన జవాబు ఉంటుంది. "ఇవాళ మీవాళ్లు భోజనానికి ఏం చేసుకున్నారు?" అంటాను. చాలామంది నవ్వేస్తారు. ఎప్పుడైనా ఒక వెయిటర్ నవ్వకుండా ఒక్క క్షణం ఆగి, వంటగది తలుపు వైపు చూసి, గొంతు కాస్త తగ్గించి చెబుతాడు. అది మెనూలో లేకపోయినా సరే, అదే తెప్పించుకుంటాను.