డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి వినికిడి పరీక్ష: అపోహలు - వాస్తవాలు

"పిలిస్తే పలకడండీ, డౌన్ సిండ్రోమ్ కదా, అంతేలెండి." వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా నేను తరచూ వినే మాట ఇది. ఆ "అంతేలెండి" దగ్గరే చాలామంది పిల్లల వినికిడి లోపం బయటపడకుండా ఉండిపోతుంది.

అపోహ: పలకకపోవడం, మాటలు ఆలస్యం కావడం డౌన్ సిండ్రోమ్ వల్లే. చెవులు బాగానే ఉంటాయి.

వాస్తవం: ఈ పిల్లల్లో నూటికి 75 మంది దాకా ఎంతో కొంత వినికిడి లోపం ఉండచ్చు. ఎక్కువగా కారణం మధ్య చెవిలో చేరే జిగురు నీరు. ముక్కు వెనక నుంచి అక్కడికి గాలి పంపే గొట్టం సన్నగా ఉంటుంది, దాన్ని తెరిచే కండరాల్లో పట్టు తక్కువ. గాలి ఆడక నీరు నిలిచిపోతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, చీమూ కారదు. ఇంకెవరికి అనుమానం వస్తుంది?

అపోహ: వెనక నుంచి చప్పట్లు కొడితే తిరిగాడు, వినిపిస్తున్నట్టే.

వాస్తవం: చప్పట్లు పెద్ద శబ్దం. కొద్దిపాటి లోపం ఉన్నా అవి వినిపిస్తాయి. జారిపోయేది మాటల్లోని మెల్లని అక్షరాలు.

అపోహ: పుట్టినప్పుడు స్క్రీనింగ్ పాసయ్యాడు, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: ఆ పాస్ ఆ రోజుకే. నీరు తర్వాత ఎప్పుడైనా చేరచ్చు. రెండు చెవులనూ విడివిడిగా పరీక్షించి బాగున్నాయని తేలేదాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి చూపించమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచన.

అపోహ: చెప్పింది అర్థం చేసుకోలేడు, కాబట్టి బెరా (తలకు తీగలు అంటించి, శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందించే తీరును కొలిచే పరీక్ష) తప్ప ఏ పరీక్షా కుదరదు.

వాస్తవం: బెరా అవసరమైన సందర్భాలున్నాయి. కానీ కదలకుండా ఉండటానికి మత్తు ఇవ్వాల్సి వస్తే, గుండె, శ్వాస సమస్యలున్న పిల్లల విషయంలో డాక్టర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆటతో చేసే పరీక్షకు చాలామంది సహకరిస్తారు. వయసును బట్టి కాదు, ఎదుగుదలను బట్టి పరీక్ష ఎంచుకోవాలి, అంతే.

శబ్దం వచ్చినప్పుడల్లా బుట్టలో ఒక బ్లాకు వేయాలన్నది ఆట. శబ్దం ఇస్తాను. బాబు బ్లాకును చెంపకు ఆనించుకుని అలాగే ఉంటాడు. ఒకటి, రెండు, మూడు... పక్కనున్న అమ్మ "వెయ్యి నాన్నా" అనబోతే వద్దని సైగ చేస్తాను. నాలుగో సెకనుకో అయిదో సెకనుకో బ్లాకు బుట్టలో పడుతుంది. విన్నాడు, చెయ్యి కదలడానికి టైమ్ పట్టిందంతే. నేను తొందరపడి శబ్దం పెంచి ఉంటే లేని లోపం రిపోర్టులోకి ఎక్కేది.

అపోహ: ఓఏఈలో (చెవిలోకి శబ్దం పంపి, లోపలి చెవి నుంచి తిరిగొచ్చే సన్నని శబ్దాన్ని పట్టే పరీక్షలో) ఫెయిలైతే లోపలి చెవి పాడైనట్టే.

వాస్తవం: కాకపోవచ్చు. మధ్య చెవిలో నీరున్నా, సన్నటి చెవి రంధ్రంలో గుబిలి అడ్డుపడినా ఓఏఈ రాదు. ముందు గుబిలి తీయించి టింపనోమెట్రీ (మధ్య చెవిలో నీరుందేమో చూసే పరీక్ష) చేయించండి.

అపోహ: పెద్దయ్యాక పరీక్షలు అక్కర్లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ దిగులు డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్ల గురించే. వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల వీళ్లకు మిగతావారికన్నా ముందే మొదలవుతుంది. టీవీ సౌండ్ పెంచడం, చెప్పింది మరిచిపోయినట్టు ఉండటం, నలుగురిలోకి రాకపోవడం మొదలయ్యేసరికి మతిమరుపు జబ్బేమో అనుకుంటారు. అదీ కావచ్చు, వీళ్లలో అల్జీమర్స్ కూడా త్వరగానే వస్తుంది. కానీ జ్ఞాపకశక్తి పరీక్షలో ప్రశ్న వినపడకపోతే జవాబెలా చెప్తారు? అందుకే ముందు చెవులు చూపించి, ఆ రిపోర్టు పట్టుకుని మతిమరుపు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లండి.