‘వైరస్ లేదు’ అన్న మాటకు ఎంత బరువు?

ఉస్మానాబాద్ అనగానే హైదరాబాద్ వాళ్లకు ఏదో చుట్టరికం తోస్తుంది. తోచాలి కూడా. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు పెట్టుకున్న ఊరది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఇప్పుడు మహారాష్ట్రలో ధారాశివ్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టడం గురించి ఎక్కడ చర్చ జరిగినా ఆ జిల్లా పల్లెల ప్రస్తావన రాక మానదు.

1999లో అక్కడో పెద్ద అధ్యయనం మొదలైంది. ముంబయి టాటా మెమోరియల్ సెంటర్, బార్షీలోని క్యాన్సర్ ఆసుపత్రి అందులో ఉన్నాయి. 30 నుంచి 59 ఏళ్ల మధ్య ఆడవాళ్లు 1,31,746 మంది. పల్లెలను 52 గుంపులు చేసి, చీట్లు వేసినట్టుగా నాలుగు వాటాలు పంచారు. ఒక వాటాకు ఈ క్యాన్సర్‌కు మూలమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ ఉందేమో వెతికే హెచ్‌పీవీ పరీక్ష, ఒక వాటాకు ముఖద్వారం నుంచి కణాలు తీసి సూక్ష్మదర్శినిలో చూసే పాప్ స్మియర్, ఇంకోదానికి వెనిగర్ పూసి కంటితో చూసే పరీక్ష, అదే మన నర్సులు వీఐఏ అనేది. నాలుగో వాటాకు మామూలుగా దొరికే వైద్యమే. పరీక్ష ఒక్కసారి మాత్రమే. తర్వాత ఎనిమిదేళ్ల పాటు ఎవరికేమైందో లెక్క రాసుకుంటూ వచ్చారు.

2009లో ఫలితాలు అచ్చయ్యాయి. పరీక్ష లేని వాటాలో ఈ క్యాన్సర్‌తో 64 మంది పోయారు. హెచ్‌పీవీ వాటాలో 34 మంది. వాటాల సైజులో తేడాలు సరిచేసి చూసినా చావులు దాదాపు సగానికి తగ్గినట్టే. మిగతా రెండు పరీక్షలతో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. పరీక్ష అందని ఆ 31 వేల మంది సంగతి ఏమిటని తర్వాత గట్టిగానే విమర్శలొచ్చాయి. న్యాయమైన ప్రశ్నే. ఆ 64 అంకె దగ్గర నాకూ కాసేపు చూపు ఆగిపోతుంది.

చావుల లెక్క కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మరోటుంది. పరీక్షలో ‘ఏమీ లేదు’ అనిపించుకున్న వాళ్లకు తర్వాతేమైంది? పాప్ స్మియర్‌లోనో వీఐఏలోనో అలా అనిపించుకున్న వాళ్లకు ఆ ఎనిమిదేళ్లలో క్యాన్సర్ వచ్చిన రేటు, హెచ్‌పీవీ నెగెటివ్ వాళ్లతో పోలిస్తే నాలుగు రెట్ల పైచిలుకు. అంటే హెచ్‌పీవీ పరీక్ష ‘లేదు’ అంటే ఆ మాట చాలా ఏళ్లు నిలబడుతుంది.

ఎందుకని? వీఐఏలో 3-5 శాతం ఎసిటిక్ ఆమ్లం పూసి ఒక నిమిషం ఆగుతారు. మార్పు వచ్చిన చోట తెల్లటి మచ్చ తేలుతుంది. మామూలు వాపు ఉన్నా తెలుపు రావచ్చు. ముట్లుడిగాక, ఈ మార్పులు మొదలయ్యే అంచు లోపలికి జరిగిపోతుంది, కంటికి ఆనదు. పాప్ స్మియర్‌లోనైతే గాజు పలక మీది వేల కణాల్లో ముదురు రంగు కేంద్రకం ఉన్న నాలుగింటిని అలసిపోని కన్ను పట్టుకోవాలి. రెండూ చూసేవాళ్ల నైపుణ్యం మీద ఆధారపడ్డవే. హెచ్‌పీవీ పరీక్ష వెతికేది మచ్చను కాదు, దాని మూలాన్ని. ఉస్మానాబాద్‌లో వాడిన పద్ధతిలో వైరస్ డీఎన్ఏ ఉంటే నమూనా సన్నగా వెలుగు చిమ్ముతుంది, ఆ వెలుగును యంత్రం కొలుస్తుంది.

మూలం అన్నది ఊరికే కాదు. 1983లో జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్ బృందం ఈ క్యాన్సర్ కణితుల్లో హెచ్‌పీవీ 16 రకాన్ని పట్టుకుంది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ వైరస్ తయారుచేసే ఈ6, ఈ7 అనే ప్రొటీన్లు కణంలో అడ్డూ అదుపూ లేని విభజనను ఆపే కాపలాదారులను పడగొడతాయి. అక్కడి నుంచి క్యాన్సర్ దాకా సాధారణంగా పదేళ్లో, ఇరవయ్యేళ్లో పడుతుంది. వైరసే లేని చోట ఆ ప్రయాణం మొదలవడమే అరుదు.

అయితే ‘ఉంది’ అన్న మాటకు అంత బరువు లేదు, గొడవంతా అక్కడే. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. ఎక్కువ మందిలో శరీరమే ఏడాది రెండేళ్లలో వైరస్‌ను తుడిచేస్తుంది. ముప్పై లోపు వాళ్లకు ఈ పరీక్ష సాధారణంగా వద్దనేది అందుకే, వచ్చిపోయే వైరస్‌కు ఊరికే బెంబేలెత్తిస్తుంది. పైగా అది ఎప్పుడంటుకుందో చెప్పలేం, ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలదు. కాబట్టి రిపోర్టు పట్టుకుని మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు నిలదీసుకోవడం అర్థం లేని పని. కాగితం చేతికిచ్చేవాళ్లే ఈ ముక్క చెప్పాలి. చాలాచోట్ల చెప్పరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్‌పీవీ పరీక్షనే ముందు వరసలో పెట్టింది: మామూలుగా 30 దాటాక, ఐదు నుంచి పదేళ్లకోసారి. మన దేశంలో 2016 నాటి జాతీయ మార్గదర్శకాలు పల్లెలకు చెప్పింది వీఐఏ. ఖర్చు తక్కువ, ఫలితం అక్కడికక్కడే. ఆ వాదన తీసిపారేయదగ్గది కాదు. కానీ జీవితంలో ఒకటి రెండుసార్లే పరీక్షకు వచ్చే మనిషికి ఎక్కువ కాలం నిలిచే జవాబు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం.

హెచ్‌పీవీ పరీక్షకు బల్ల మీద పడుకోనక్కర్లేదు కూడా. చిన్న బ్రష్షో పొడవాటి దూదిపుల్లో చేతికిస్తే, చాటుకు వెళ్లి తనే లోపల తిప్పి గొట్టంలో వేసి ఇచ్చేయొచ్చు. వైరస్ డీఎన్ఏను ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే పీసీఆర్ పద్ధతిలో చూసినప్పుడు ఆ నమూనా డాక్టరు తీసినదానికి దాదాపు సమానం. చికిత్స మాత్రం అలా చాటున అయ్యేది కాదు. పాజిటివ్ వచ్చినామెను మళ్లీ పిలిచి చూడాలి, మార్పు ఉంటే కొన్ని క్షణాల వేడితో ఆ పొరను మాడ్చేయాలి. అవుట్ పేషంటుగానే అయిపోతుంది. కానీ ఆమె ఆ రోజు కూలి మానుకుని రావాలి. రాకపోతే ఆశా కార్యకర్త రిజిస్టరులో ఆ పేరు పక్కన గడి ఖాళీగానే ఉంటుంది.