చదివితే సొంత గొంతు పోతుందా? కథారచన గురించి అపోహలు - వాస్తవాలు

గత ఏడాదిన్నరలో నా కథలు నాలుగు పత్రికల్లో అచ్చయ్యాయి. వాటితో కలిపి పన్నెండు కథల సంపుటి ఒకటి వెలువడింది. ఆ సందర్భంగా కడపలో కొత్తగా రాస్తున్న యువతతో మాట్లాడినప్పుడు కొన్ని నమ్మకాలు పదేపదే ఎదురయ్యాయి. అవి వారి రాతకు అడ్డుపడుతున్నాయనిపించి ఇది రాస్తున్నాను.

అపోహ: ఇతరుల కథలు ఎక్కువగా చదివితే సొంత గొంతు పోతుంది.

వాస్తవం: గొంతు పోయేది ఎక్కువగా చదివినందువల్ల కాదు, ఒకరిద్దరినే చదివినందువల్ల. ఒకే రచయితను ఏళ్ల తరబడి ఆరాధించిన వారి రాతలోకి ఆ రచయిత వాక్యం తెలియకుండానే దూరుతుంది; పదిమందిని చదివిన వారికి మాత్రం ఒకే సన్నివేశాన్ని ఎన్ని విధాలుగా చెప్పవచ్చో తెలిసి, తమ దారి ఏదో తేల్చుకునే వీలు కలుగుతుంది. నచ్చిన కథను నేను మూడుసార్లు చదువుతాను. మొదటిసారి కథ కోసం. రెండోసారి పెన్సిలు పట్టుకుని, కాలం ఎక్కడ ముందుకు జరిగిందో, ఎవరి కళ్లతో చూస్తున్నామో, మాటలు ఎక్కడ ఆగిపోయాయో అంచుల్లో గుర్తు పెట్టుకుంటాను. మూడోసారి పైకి చదువుతాను. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తర్వాతి కాలంలో ఇక్కడి తన బంగళాలో పండితులను పెట్టుకుని, తెలుగు కావ్యాలకు దొరికిన రాతప్రతులను ఒకదానితో ఒకటి సరిచూపించాడు. ఎర్రముక్కపల్లెలో ఆ బంగళా ఉన్న చోట వెలసిన గ్రంథాలయంలో కూర్చున్నప్పుడే, చదవడమంటే పక్కపక్కన పెట్టి పోల్చి చూడడం కూడానని నాకు తట్టింది.

అపోహ: మనం చూసిన జీవితమే గనుక, ఉన్నదున్నట్టు రాస్తే కథ అవుతుంది.

వాస్తవం: చూసినదానిని కూడా మనం తప్పుగా రాయగలం. చెనిక్కాయ కట్టె వామి వేసే (కాయలు తీసిన ఎండు వేరుశనగ చెట్లను కుప్పగా పేర్చే) సన్నివేశం ఒకటి రాసి, అందులో అన్నదమ్ముల మధ్య భూమి తగాదాను ఆరేడు పెద్ద సంభాషణల్లో నడిపించాను. చదువు రాని మా అవ్వకు దానిని వినిపించాను. ఆమె చివరిదాకా ఊరికే విని, "కట్టె ఎత్తిచ్చేవానికి అంత మాట్లాడే ఊపిరి యాడుంటాది నాయనా?" అని అడిగింది. నేను చిన్నప్పటి నుంచి చూసిన పనే అది, అయినా రాసేటప్పుడు ఆ మనుషుల ఆయాసాన్ని మరిచిపోయాను. సంభాషణలన్నీ కొట్టివేసి, తమ్ముడు మోపు అందించకుండా కింద పడవేసినట్టు రాశాను. తగాదా మొత్తం ఆ ఒక్క పనిలో పలికింది. అందువల్ల, అచ్చుకు పంపే ముందు ఆ పని తెలిసినవారు ఒక్కరైనా మీ కథ వినాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: సీమ మాండలికంలో రాస్తే మిగిలిన ప్రాంతాల వారికి అర్థం కాదు.

వాస్తవం: అర్థం కాకపోవడానికి కారణం మాండలికం కాదు, దానిని వాడే తీరు. వాడుకలోని ప్రతి ఉచ్చారణనూ అక్షరాల్లో పెట్టాలని పట్టుబడితే సీమవాసులకే చదవడం కష్టమవుతుంది. నేను క్రియారూపాలను, పలుకుబడులను వదులుకోను. మిగతా విషయాల్లో కొంత సడలిస్తాను. "యాడికి పోతాండావు?" అని అడిగే రైతు నోట "ఎక్కడికి వెళ్తున్నావు?" అనిపిస్తే ఆ మనిషే మారిపోతాడు. ఇక అర్థం మాటకొస్తే, నీళ్ల బిందె ఎత్తబోయి దించేసిన ముసలమ్మ "నాకు అలివిగాదు" అంటే, ఆ మాట ఎన్నడూ విననివారికి కూడా బోధపడుతుంది. అడుగున అర్థాలు ఇవ్వవలసిన అవసరం రాదు. కడప జిల్లా కథకుడు కేతు విశ్వనాథరెడ్డి గారు తమ కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన పరిశోధన చేసినది కడప ఊళ్ల పేర్ల మీద కావడం నాకు ఎంతో విలువైన విషయంగా తోస్తుంది. ఊరి పేరును కూడా అంత శ్రద్ధగా విన్నవారు ఆయన.

అపోహ: సీమ కథంటే కరువు, ముఠాకక్షలు.

వాస్తవం: అవి ఉన్నాయి, కానీ సీమ అంటే అవి మాత్రమే కాదు. పిల్లలను అవ్వల దగ్గర వదిలి రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయిన తల్లులున్నారు, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి.

అపోహ: పత్రికకు పంపితే కథ మీద హక్కు పోతుంది.

వాస్తవం: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, స్వతంత్రంగా రాసే రచయితకు రాసినప్పుడే హక్కు వస్తుంది, నమోదు తప్పనిసరి కాదు. హక్కు బదిలీ కావాలంటే రచయిత సంతకంతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. నా కథ ఒకదానిని నాకు చెప్పకుండానే ఒక సంకలనంలో చేర్చుకున్నప్పుడు, ఈ సంగతి తెలిసి ఉండడం వల్లనే నిలదీయగలిగాను.

అపోహ: ఇప్పుడు పుస్తకాలు ఎవరూ చదవడం లేదు.

వాస్తవం: చదివేవారు ఉన్నారు, కొద్ది ప్రతులతోనే వారిని చేరవచ్చు. ఒకేసారి వెయ్యి ప్రతులు వేసి ఇంట్లో పేర్చుకోవలసిన రోజులు పోయాయి, డిజిటల్ ముద్రణలో వంద ప్రతులైనా వేయించుకోవచ్చు. నా సంపుటిని మొదట మూడు వందలే వేయించాను. నెల తిరగకముందే ఒక పాఠకురాలు ఫోన్ చేసి, తొమ్మిదో కథలో సంక్రాంతి నాడు చింతచెట్టు పూసి ఉందని రాశారేమని అడిగారు. చింత ఎండాకాలం చివర, తొలివానల వేళ పూస్తుందని, సంక్రాంతికి చెట్టు మీద ఉండేది కాయలని చెప్పారు. ఆమె చెప్పినది నిజమే. రెండోసారి వేయించిన ప్రతుల్లో ఆ వాక్యం సరిచేశాను.